నల్లోడు పోయిన ఏడు

నల్లోడు పోయింది 1968 వేసంగిలో. ఏడు అంత కచ్చితంగా ఎట్లా గుర్తుందంటే, ఆ మరుసటేడు మే నెలలో తుఫాను కొట్టి మా తోటలో కాయన్నది లేకుండా రాల్చేసింది. మా ఈడువాళ్ళు ఈ పక్క ఏ సంగతి చెప్పినా లెక్క తుఫాన్ల నుంచే మొదలుపెడతారు. 69 తుఫాను, 77లో దివిసీమ ఉప్పెన. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ పొలం అమ్మకాలూ అన్నీ వాటికి ముందో వెనకో జరిగినవే. నల్లోడు పోయింది తుఫానుకి ముందేడు. నాకు పదకొండేళ్ళు, మా తమ్ముడికి ఏడు. ఒరే, ఆ పుల్ల పచ్చిదిరా, పక్కకి లాగు, పొగంతా నా మొహానికే వస్తోంది.

తోటంటే ఇది కాదు. మా పుట్టింటివాళ్ళ తోట, ఆగిరిపల్లి దారిలో ఉండేది. చెట్టెక్కితే శోభనాచలం కొండ కనిపించేది. ఇప్పుడు మీకు నూజివీడంటే ట్రిపుల్ ఐటీ. మాకు రసాలు. చిన్న రసం, పెద్ద రసం, చెరుకు రసం, నాలుగు బంగినపల్లి, గట్టు మీద రెండు కలెక్టరు కాయ చెట్లు. జమీందార్ల నాటి నుంచీ ఈ ఎర్రనేలల్లో చెట్టుకీ చెట్టుకీ నలభై అడుగులు ఎడం వదిలి పెట్టిన తోటలు. మొన్న 2022లో మనల్ని కృష్ణా జిల్లాలోంచి తీసి ఏలూరు జిల్లాలో కలిపారు కదా, చెట్లకి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

పిందె గోలీకాయంత అయ్యేసరికి ఇంట్లో సగంమంది తోటలోకి మకాం మార్చేవాళ్ళం. తాటాకు పాక, పాక ముందు రెండు నులక మంచాలు, కుండ, పొయ్యి. పగలు కోతులతోనూ కొండముచ్చులతోనూ పోరు, రాత్రి గబ్బిలాలతో పోరు. దొంగలతో పోరు రెండు పూటలా. కిరసనాయిలు డబ్బా కొట్టడం పిల్లల పని, వడిసెల తిప్పడం నాన్న పని, మిగిలినదంతా నల్లోడి పని. వాడు జాతికుక్క కాదు. ఊళ్ళో పుట్టిన నాటుకుక్క. నుదుటి మీద వేలెడు తెలుపు తప్ప ఒళ్ళంతా నలుపు. నాన్న 'అది' అనేవాడు, నాయనమ్మ 'వాడు' అనేది. నాకు నాయనమ్మ మాటే అలవాటైంది.

వాడికి రసాలు మహా ఇష్టం. రాలిన పండుని ముందుకాళ్ళ మధ్య పట్టుకుని, తొక్క చీల్చి, నాకి నాకి టెంక తెల్లగా చేసి వదిలేవాడు. బంగినపల్లి పెడితే వాసన చూసి వెళ్ళిపోయేవాడు. ఆ విషయంలో మా నాన్నకీ వాడికీ ఒకటే అభిప్రాయం. బంగినపల్లి బజారు కాయ, రసం ఇంటి కాయ అని నాన్న ఇప్పుడున్నా వాదిస్తాడు. నేనూ అదే అంటాను గానీ, ఆ గొడవ ఇప్పుడెందుకులే.

పోయిన రోజు చెబుతా. ముందురోజు సాయంత్రం వాడు బాగానే ఉన్నాడు. నాయనమ్మ గంజీ అన్నం కలిపి ముద్ద పెడితే తిన్నాడు, కోతుల వెంట పరిగెత్తాడు, మా మంచాల కింద పడుకున్నాడు. అర్ధరాత్రి రెండు మూడు అరుపులు వినిపించాయని అమ్మ చెప్పింది. తోటన్నాక రాత్రి కుక్క అరవడం వింతేమీ కాదు కదా, ఎవరూ లేవలేదు. తెల్లారి చూస్తే పాకకి అవతల పడి ఉన్నాడు. నోటినిండా నురగ. కాళ్ళు లేవట్లేదు. నాయనమ్మ పిలిస్తే కళ్ళు మాత్రం తిప్పాడు. నాన్న నీళ్ళు పోయబోతే మింగుడు పడలేదు. పొద్దు పొడిచేలోపు ఊపిరి ఆగిపోయింది. ముసలిదై పోయిందనుకోవడానికి లేదు, మూడేళ్ళ కుక్క. జబ్బు పడిందనుకోవడానికీ లేదు.

అట్లా ఉన్నట్టుండి పోతే ఏమవుతుందో తెలుసా? ముందు ఏడుపు రాదు. ఎట్లా పోయింది, ఎవరు చేశారు అనే రెండు మాటలు వస్తాయి. ముసలికుక్క మూలన పడి నెల రోజులు తీసుకుని పోతే ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. రాత్రి ఆడుకుని పొద్దున్నే పోతే, ఇల్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మీ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్నది అదే కాబట్టి చెబుతున్నా, అమ్మడూ. నువ్వు తమ్ముడితో మాట్లాడటం మానేశావని మీ అమ్మ చెప్పింది. మీ కుక్క రాకీ పోయిన రాత్రి వాడు దానికి అన్నం ఎక్కువ పెట్టాడు, పెట్టి బంతి విసిరాడు, అందుకే పోయిందని నువ్వనుకుంటున్నావు. వాడూ అదే అనుకుంటున్నాడు, అందుకే నీకు జవాబు చెప్పట్లేదు. నేను మీ డాక్టరుకి ఫోన్ చేసి అడిగాను. జర్మన్ షెపర్డ్ లాంటి పెద్ద జాతులకి, రొమ్ము లోతుగా ఉన్నవాటికి కడుపులో గాలి నిండి సంచి మెలిపడిపోతుందట. మెలిపడ్డాక గంటల్లో పని. ఆపరేషన్ ఒక్కటే దారి, అది కూడా వెంటనే చేస్తేనే. ఒకేసారి ఎక్కువ తినడం, గబగబా తినడం, తిన్నాక గెంతడం, వయసు, వంశం, అన్నీ కలిసి ఎప్పుడు ఎందుకు వస్తుందో ఫలానా అని వేలు పెట్టి చూపించలేమన్నాడు. ఏళ్ళ తరబడి అదే అన్నం, అదే బంతి కదా, ఏ రోజూ రానిది ఆ రోజు వచ్చింది. నీ మీద మీ అమ్మ కోపగించుకోలేదేం మరి? వారం వారం దానికి చికెన్ పెట్టమని గోల చేసింది నువ్వేగా.

సరే, కోపం తెచ్చుకోకు. మా ఇంటి సంగతి విను.

నోట్లో నురగ చూడగానే ముందు పుట్టిన మాట, పిచ్చి ఎక్కిందేమో అని. అదంటే ఆ రోజుల్లో ఒణుకు. ఇప్పుడైతే చేతికి నాలుగైదు సూదులతో పోతుంది. అప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు. రోజుకొకటి. గొర్రె మెదడుతో చేసే మందు. డేవిడ్ సెంపుల్ అనే దొర 1911లో కసౌలీలో తయారుచేశాడని, 2005 వచ్చేసరికి గానీ మన దేశంలో దాన్ని పూర్తిగా ఆపలేదని మీ తాతయ్య చెప్పేవారు. మా తమ్ముడి చేతి మీద నల్లోడి గోరు గీరుకున్న గాటు ఉంది. మా అమ్మ అది చూసి అక్కడే కూలబడింది. ఆ పూటే నూజివీడు సర్కారు ఆసుపత్రికి బండి కట్టారు. రాత్రి ఆడుకుని, తిని, తెల్లారేసరికి పోవడం పిచ్చికుక్క లక్షణం కాదు గానీ, గాటు ఉంది కాబట్టి వదలడానికి లేదన్నాడు డాక్టరు. వాడికి మొదటి సూది పడింది. వాడి కేక ఆసుపత్రి ఆవరణ అంతా వినిపించింది.

రెండో మాట, దిష్టి. అది మా పెద్దమ్మ అన్నది. ఎవరూ పట్టించుకోలేదు.

మూడో మాట, విషం. అది మా నాన్న అన్నాడు. అక్కడి నుంచి అసలు కథ.

పక్కతోట మా నాన్నకి వరసకి బావది. పేరెందుకులే, వాళ్ళ మనవలు ఇక్కడే ఉన్నారు. ఇద్దరూ ఒకే లారీ మాట్లాడుకునేవాళ్ళు. అప్పటికి నున్న మార్కెట్టు లేదు, కాయంతా బెజవాడ పోవాలి. ఐదెకరాల తోటలో ఒక్క కోతకి లారీ నిండదు. రెండు తోటల కాయ కలిస్తే నిండేది. అట్లా ఎన్నో ఏళ్ళుగా సాగుతున్నది. నల్లోడు పోవడానికి వారం ముందు వాడు గట్టు దాటి వాళ్ళ కోడిపెట్టని పట్టాడు. గుడ్లు పొదిగే పెట్ట. బావకి ఒళ్ళు మండి నలుగురి ముందూ, "మీ కుక్కని కట్టేసుకోండి, లేకపోతే దాని సంగతి నేను చూస్తా" అన్నాడు. అన్న మాట పట్టుకున్నాడు నాన్న. దానికి తోడు బావ పాకలో ఎండ్రిన్ డబ్బా ఉంది. అది ఎవరి పాకలో లేదు గనక? మిరపకీ పత్తికీ ఆ మందే కొట్టేవాళ్ళు, మనుషులూ దాన్నే తాగి చచ్చేవాళ్ళు. చాలా ఏళ్ళకి గానీ సర్కారు దాన్ని నిషేధించలేదు. మా పాకలోనూ ఉండేది, చూరులో చెక్కి. కానీ దుఃఖంలో ఉన్నవాడికి తన చూరు కనిపించదు కదా.

ఆ రోజుల్లో చచ్చిన గొడ్డునీ కుక్కనీ తీసుకుపొమ్మని మాదిగవాడకి కబురు పెట్టేవాళ్ళు. ఆ పని వాళ్ళదేనన్నట్టు, వాళ్ళకది ఇష్టమైనట్టు చూసేవాళ్ళు. ఆ రోజులు మంచివని ఎవరన్నా చెబితే నమ్మకండి. నాన్న ఎవరికీ కబురు పెట్టలేదు. తనే పలుగూ పారా తీసుకుని చిన్న రసం వరసల మధ్య, ఎండకి రాయిలా బిగిసిన ఎర్రమట్టిలో నడుం లోతు తవ్వాడు. నాయనమ్మ రాళ్ళుప్పు తెచ్చి పోసింది. అమ్మ పాత దుప్పటి ఇచ్చింది. ఫలానా ఆయన కుక్కకి స్వయంగా గుంట తీశాడట అని ఊళ్ళో చెప్పుకున్నారు, నవ్వారు కూడా. మట్టి కప్పేటప్పుడు నాన్న ఏడవలేదు. పార పక్కన పెట్టి, కాళ్ళు కూడా కడుక్కోకుండా నేరుగా రచ్చబండ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ బావ ఉన్నాడు. పదిమందీ వింటుండగా, "కోడికి కుక్క. లెక్క సరిపోయింది కదా బావా" అన్నాడు.

బావ మారు మాట్లాడలేదు. కండువా దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. తిట్టుకున్నా కొట్టుకున్నా ఆ సాయంత్రానికి తేలిపోయేదేమో. మాటలు ఆగిపోయాయి, దాంతో లారీ ఆగిపోయింది.

చిన్న రసం సంగతి మీకు తెలియదు. అది ఎవరి పంతం కోసమూ ఆగదు. కోసి గడ్డిలో వేశాక నాలుగు రోజులు దాటితే మెత్తబడుతుంది, ఇంకో రెండు రోజులకి చేతికి అంటుకుంటుంది. బంగినపల్లి అయినా కాస్త ఓర్చుకుంటుంది. మా పాకలో కోసిన కాయ గుట్టగా ఉంది, వాళ్ళ పాకలో గుట్టగా ఉంది, రెండు చోట్లా ఈగలు ముసురుతున్నాయి. మధ్య గట్టు మీద ఎవరూ నడవట్లేదు. ఒక్కో లారీ విడిగా మాట్లాడుకుంటే కిరాయికే కాయ ధర పోతుంది. ఇద్దరూ బళ్ళు కట్టించి కొద్దికొద్దిగా పంపారు. మార్కెట్టుకి చేరేసరికి సగం చితికిపోయింది. ఆ ఏడు నష్టం కుక్క వల్ల వచ్చింది కాదు, మాట వల్ల వచ్చింది.

మునసబు గారు ఒక సాయంత్రం పాకకి వచ్చారు. అప్పటికి ఊళ్ళల్లో మునసబులూ కరణాలూ ఉన్నారు, రామారావు ముఖ్యమంత్రి అయ్యాక కదా ఆ ఉద్యోగాలు పోయింది. ఆయన భారతం బాగా చదువుకున్న మనిషి. మంచం మీద కూర్చుని, నన్నయ గారు ఆదిపర్వం మొదట్లోనే ఒక కుక్క కథ చెప్పారు తెలుసా అన్నారు. జనమేజయుడు యజ్ఞం చేస్తుంటే దేవశుని సరమ కొడుకు, సారమేయుడని, ఆడుకుంటూ అక్కడికి వచ్చాడట. రాజు తమ్ముళ్ళు వాణ్ణి కొట్టి తరిమారట. వాడు ఏడుస్తూ వెళ్ళి తల్లికి చెప్పుకుంటే, సరమ వచ్చి జనమేజయుణ్ణే నిలదీసిందట. నా బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు, కారణం లేకుండా నోరులేనివాణ్ణి కొట్టారు, మీకు కారణం కనపడని భయాలు వస్తాయని చెప్పి వెళ్ళిపోయిందట. అంత పెద్ద రాజు, ఆ మాటకి బెదిరి శాంతి చేయించే పురోహితుణ్ణి వెతుక్కుంటూ పోయాడు. "కుక్కని కారణం లేకుండా కొడితేనే అంత మాట పడాల్సి వచ్చింది. నువ్వు మనిషిని కొట్టావు, రుజువు లేకుండా" అన్నారు మునసబు గారు. నాన్న, "రుజువు కనపడ్డప్పుడు మాట్లాడదాంలెండి" అన్నాడు. మజ్జిగ ఇచ్చి పంపించాడు.

మగవాళ్ళ సంగతి అట్లా ఉంటే, నాయనమ్మ ఎవరినీ అనుమానించలేదు, ఎవరినీ ఏమీ అడగలేదు. కానీ రోజూ పొద్దుగూకే వేళకి అన్నం వార్చి, చివర్న ఒక ముద్ద కలిపి పాక పక్కనున్న రాతి మీద పెట్టేది. నల్లోడు ఉన్నప్పుడు పెట్టినట్టే. చీమలు పట్టేవి, కాకులు ఎత్తుకుపోయేవి. ఎందుకత్తా దండగ అని అమ్మ అంటే, "చెయ్యి ఊరుకోవట్లేదే" అనేది. పిచ్చి పట్టిందేమోనని పెద్దమ్మ చాటుగా అన్నది. నాకు మాత్రం ఇంట్లో అందరికన్నా ఆవిడే బాగుందనిపించింది. ఆవిడ రాత్రిళ్ళు నిద్రపోయేది. నాన్నకి నిద్ర లేదు. నీ సంగతీ అదే అమ్మడూ, దాని గిన్నె నువ్వు చూస్తే ఏడుస్తావని మీ అమ్మ అటక మీద దాచేసిందట. కిందకి తియ్యమని చెప్పాను. ఏడిస్తే ఏడుస్తావు.

రుజువు తర్వాత కనపడింది. కాయ గంపలకి సర్దడానికి అడుగున పరిచేందుకు వరిగడ్డి కావాలి కదా. పాక పక్కన గడ్డికుప్ప ఉంది. అమ్మ చేతులతో గడ్డి లాగుతుంటే కుళ్ళు వాసన కొట్టింది. పందికొక్కు చచ్చిందేమో అనుకుంది. కర్రతో గడ్డి ఎత్తితే కట్లపాము. మూరన్నర పైనే ఉంది, నల్లటి ఒంటి మీద తెల్ల కట్లు. నడుం దగ్గర రెండు చోట్ల నలిగి, ఎముక విరిగి, చీమలు తినగా మిగిలింది. అది కరిస్తే నొప్పి కూడా పెద్దగా తెలియదట, గాటు కంటికి ఆనదట. నల్లటి బొచ్చులో అసలే కనపడదు. పగలు గడ్డిలోనూ రాళ్ళ సందుల్లోనూ నక్కి, రాత్రి తిరుగుతుంది. దాని విషానికి నరాలు పట్టు తప్పి ఊపిరి ఆగిపోతుంది. ఇప్పుడైతే మనుషులకి వేసే విరుగుడు మందునే పశువుల డాక్టర్లూ వేస్తున్నారు. నాగుపాముకీ, కట్లపాముకీ, రక్తపింజరకీ, చిన్నపింజరకీ కలిపి ఒకటే మందు. అప్పుడు తోటలో ఆ మందు ఎవరికి తెలుసు, ఎవరి దగ్గర ఉంది?

ఆ కుప్పకి నాలుగడుగుల దూరంలో మా మంచాలు. ఇంకేం, ఊరికి కథ దొరికింది. నల్లోడు పిల్లల్ని కాపాడి ప్రాణమిచ్చాడని. బ్రాహ్మడూ ముంగిసా కథ ఉంది కదా, పిల్లవాణ్ణి కాపాడిన ముంగిస మూతికి నెత్తురుందని తొందరపడి చంపేస్తారు, దాంతో పోల్చి చెప్పనివాళ్ళు లేరు. నాకెప్పుడూ ఆ మాట పూర్తిగా మింగుడు పడలేదు. వాడు మమ్మల్ని కాపాడదామనే దాన్ని పట్టాడో, తన దారికి అడ్డొచ్చిందని పట్టాడో, కోడిపెట్టని పట్టినట్టు సరదాకి పట్టాడో, అడిగి తెలుసుకోలేం. కోడిపెట్టని పట్టినప్పుడు దొంగ, పాముని పట్టినప్పుడు దేవుడు. వాడు రెండు రోజులూ ఒకే కుక్క.

పాము దొరికితే మా తమ్ముడు ఎగిరి గంతేశాడు. ఇంక సూదులు అక్కర్లేదని. మరుసటి రోజు డాక్టరుకి చెబితే ఆయన నవ్వి, మొదలుపెట్టాక మధ్యలో ఆపేది లేదు బాబూ అన్నాడు. పద్నాలుగూ పడ్డాయి. డెబ్బై ఏళ్ళకి దగ్గరపడుతున్నాడా, ఇప్పటికీ పెళ్ళిళ్ళలో చొక్కా ఎత్తి బొడ్డు చూపిస్తాడు. అక్కడేమీ కనపడదు. అయినా చూపిస్తాడు.

నాన్న మాత్రం పాముని చూసి కాసేపు అక్కడే గొంతుక్కూర్చున్నాడు. తర్వాత దాన్ని కర్రకి వేలాడదీసుకుని గట్టు దాటాడు. నేను వెనకాలే వెళ్ళాను, వద్దన్నా వినకుండా. బావ పాక ముందు కాయ ఏరుతున్నాడు. నాన్న పాముని ఆయన ముందు నేల మీద వేసి నిలబడ్డాడు. తప్పయిందనే మాట ఆయన నోట్లోంచి రాలేదు. మగవాళ్ళకి ఆ మాట అప్పట్లో నేర్పించేవాళ్ళు కాదు, ఇప్పుడు నేర్పిస్తున్నారేమో నాకు తెలియదు. బావ పాముని చూశాడు, నాన్నని చూశాడు. చేతిలో కాయ గంపలో పెట్టి, "లారీ రేపు పొద్దున్నకి చెప్పనా, ఎల్లుండికా?" అన్నాడు.

మగవాళ్ళ మధ్య అక్కడితో తెగిపోయింది. ఆడవాళ్ళ మధ్య తెగలేదు. బావ భార్య, మా అత్త, బావి దగ్గర ఎప్పుడు కనపడినా అమ్మతో, "మా ఇంట్లో మజ్జిగ తాగుతావా వదినా, విషం ఉంటుందేమో చూసుకో" అనేది. నవ్వుతూనే అనేది. నా పెళ్ళినాటికి కూడా అంటూనే ఉంది. అమ్మ తల వంచుకుని చేద లాగేది. అన్నది నాన్న, పడింది అమ్మ. ఆవిడ అన్నదాంట్లో నాకు తప్పేమీ కనపడదు. పదిమందిలో అన్న మాట ఒక్క పాముతో చెల్లిపోతుందా?

మొన్న మీ బాబాయి అడిగాడు, కుక్కకి ఇంత రాద్ధాంతం అవసరమా, రాకీ చితాభస్మం ముంతలో పెట్టుకుని హైదరాబాదు నుంచి ఇంత దూరం తేవాలా అని. ఫతుల్లాగూడలో పెంపుడు జంతువులకి దహనవాటిక కట్టించింది నగరపాలక సంస్థే కదా, అవసరం లేకపోతే ఎందుకు కట్టిస్తారు? మన పక్కనే, హనుమాన్ జంక్షన్ దగ్గర అంపాపురంలో ఒకాయన 2021లో తన పెంపుడు కుక్క ఐదో వర్ధంతికి కంచు విగ్రహం పెట్టించాడు. పేపర్లన్నిటిలో వచ్చింది, దేశమంతా చూసింది. మీ బాబాయి అప్పుడూ నవ్వాడు. నేను నవ్వలేదు. ఆయన ఎవరికీ అన్యాయం చెయ్యలేదు, ఎవరినీ మాట అనలేదు. ఉన్న దుఃఖాన్ని కంచులో పోత పోయించి ఊళ్ళో నిలబెట్టాడు. మా నాన్న చేసినదానికన్నా అది వెయ్యి రెట్లు నయం.

ఇదేమీ కొత్త పోకడ కూడా కాదు. మీ తాతయ్య చరిత్ర మాస్టారు కదా, కర్ణాటకలో మండ్య దగ్గర ఆతకూరు అనే ఊళ్ళో దొరికిన శాసనం గురించి ప్రతి ఏడూ క్లాసులో చెప్పేవారు. సుమారు 950 నాటిది. గంగవంశపు రాజు బూతుగుడు మణలేరుడనే వీరుడికి కాళి అనే వేటకుక్కని ఇచ్చాడు. అది ఒక పెద్ద అడవిపందితో కలబడింది. రెండూ చచ్చిపోయాయి. ఆ కుక్క కోసం గుడి ముందు రాయి నిలబెట్టి, పందితో అది పోరాడుతున్న బొమ్మ చెక్కించారు. ఆ రాయి ఇప్పుడు బెంగుళూరు మ్యూజియంలో ఉంది. ఒకే రాతి మీద రాజుల యుద్ధాల గొప్పలూ ఉన్నాయి, కుక్క పోరాటమూ ఉంది. పిల్లలు పరీక్షలో రాజుల పేర్లు మర్చిపోయి కాళి పేరు మాత్రం రాసేవాళ్ళని ఆయన నవ్వేవారు.

ఇక మిగిలిన ముక్క చెప్పేసి పడుకుందాం. వర్షాలు పడ్డాక బావ వాళ్ళ ఇంటి వెనక ఒక ఊరకుక్క ఈనింది. బావ ఒక పిల్లని చంకలో పెట్టుకుని తెచ్చి మా గుమ్మంలో దింపి వెళ్ళిపోయాడు. ఎర్రది, తోక వంకర. నాకు అది నచ్చలేదు. మా తమ్ముడికీ నచ్చలేదు, గోళ్ళు చూస్తేనే వాడికి కడుపు నొప్పి వచ్చేది. నాన్న దాన్ని చూడనట్టే తిరిగేవాడు. నాయనమ్మ ముద్ద మాత్రం దానికి చేరింది. రాతి మీద పెట్టింది అది తినేసేది, నాయనమ్మ తిననిచ్చేది, అంతే. ఎవరూ దానికి పేరు పెట్టలేదు. పేరు పెడితే నల్లోడి చోటు ఇచ్చేసినట్టు అవుతుందని కాబోలు, ఒకరికొకరం చెప్పుకోకుండానే అందరం ఊరుకున్నాం. మీకు ఇప్పుడే ఇంకో కుక్కని తెస్తానని మీ నాన్న అంటుంటే నేను వద్దన్నది అందుకే. తెచ్చినా తప్పు లేదు, కానీ పాపం ఆ వచ్చినదాన్ని ఎవరూ సరిగ్గా చూడరు.

మరుసటేడు మే నెలలో తుఫాను వచ్చింది. గాలి ఒక రాత్రీ ఒక పగలూ కొట్టింది. తెల్లారి చూస్తే చెట్ల మీద కన్నా నేల మీద ఎక్కువ కాయ. బావ తోటా మా తోటా ఒకటే అయిపోయాయి, గట్టు ఎక్కడుందో తెలియలేదు. పచ్చికాయ అమ్ముడుపోదు. అందరం కూర్చుని చెక్కు తీసి, ముక్కలు కోసి ఒరుగులకి ఎండబెట్టడం మొదలుపెట్టాం. అత్త కూడా కత్తిపీట తెచ్చుకుని అమ్మ పక్కనే కూర్చుంది. ఆ రోజు మజ్జిగ మాట ఎత్తలేదు. ఎర్రకుక్క రాలిన ఆకుల మధ్య తిరుగుతూ ఒరుగుల చాప మీదకి వస్తుంటే, బావ కత్తి ఎత్తి, "ఏయ్!" అన్నాడు. ఆగిపోయింది. ఇంకోసారి, "ఏయ్!" అన్నాడు. తోక ఊపుకుంటూ ఆయన దగ్గరికి వచ్చి కూర్చుంది.

"దీనికి పేరేం పెట్టారు బావా?" అని అడిగాడు ఆయన.

"పెట్టలేదు" అన్నాడు నాన్న.

"పెట్టకపోవడమేంటి, పిలిస్తే పలుకుతోందిగా."

నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. నల్లోడు పోయాక ఆయన అంతలా నవ్వడం అదే చూశాను. ఆ కుక్క నా పెళ్ళి అయ్యాక కూడా చాలా ఏళ్ళు బతికింది. ఉప్పెన చూసింది, తోట సగం అమ్మేయడం చూసింది. నూజివీడు నుంచి నేను పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా గేటు దగ్గర నిలబడి కేకేసేదాన్ని. పోయేదాకా దాని పేరు ఏయే.